ఒక్క చుట్టుకు ఒక్క చుట్టు

మా ఆయన సైకిలుకు గేర్లు ఉండేవి. వెనక ఇరుసు మీద చిన్నదాని పక్కన పెద్దది, దాని పక్కన ఇంకాస్త పెద్దది, ఇట్లా ఆరు పళ్లచక్రాలు. ఆయన ఉన్నన్నాళ్లూ వాటిలో అన్నిటికంటే చిన్నదాన్నే వాడారు. మిగతా అయిదూ పళ్లు అరగకుండా, ఎండిన గ్రీజు కింద నల్లగా ఉండిపోయాయి. గేరు మార్చే మీట పొరపాటున కూడా కదలకుండా దాని చుట్టూ మిషను దారం చుట్టి గట్టిగా ముడి వేశారు. గేర్లు మోటారుబండ్లకు గానీ కాళ్లున్నవాళ్లకు ఎందుకు అనేవారు. సెకండ్‌హ్యాండులో కొన్న సైకిలు. గేర్లు దాంతోపాటు వచ్చాయి, అంతే.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవారు. పొద్దున్నే పనిముట్ల పెట్టె క్యారియర్‌కు కట్టుకుని మల్కాజ్‌గిరిలో మా ఇంటి నుంచి బయలుదేరితే ఎవరి మిషను మొరాయిస్తే వాళ్లింటికి, యాప్రాల్ దాకా తిరిగి, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు వేళకు వచ్చేవారు. మా గల్లీ రోడ్డు మీంచి ఇంటి వైపు ఎక్కుడుగా ఉంటుంది. ఆ ఎక్కుడులో కూడా గేరు మార్చరు గనుక ఒక్కో తొక్కుకూ సైకిలు కిర్రుమనేది. ఒక కిర్రు, కాస్త ఆగి ఇంకో కిర్రు. బరువైన తలుపును ఎవరో మెల్లగా తెరుస్తున్నట్టు. ఆ చప్పుడు వినగానే వీధి వైపు గదిలో మంచం మీదున్న మా అత్తమ్మ లేచి కూర్చునేది. నీటికాసులతో ఆమెకు చూపు పోయి చాలా ఏళ్లయింది. కొడుకు వచ్చిన సంగతి నాకంటే ముందు ఆమెకే తెలిసేది. ఆయన నమాజు ముగించి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాకే ఆమె ముద్ద ముట్టేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే ఉన్నారు. జొహర్ నమాజు చదివి, జానమాజ్ చాప మడవబోతూ పక్కకు ఒరిగారు. అంతే. అలాంటి పోక అందరికీ దొరకదని వచ్చినవాళ్లంతా అన్నారు. నేను కూడా అదే అనుకుని అల్లాకు కృతజ్ఞత చెప్పుకున్నాను. అత్తమ్మను చేయి పట్టుకుని తీసుకొచ్చి ఆయన మొహం తాకించాం. ఆమె నుదురు, ముక్కు, గడ్డం అన్నీ తడిమి, ఏడవకుండా, మళ్లీ మంచం మీదికి తీసుకుపొమ్మంది. ఆ రోజు నుంచి తిండి తగ్గించేసింది. కలిపి పెడితే రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని మూడోదాన్ని చేత్తో నెట్టేసేది. భర్త పోయాక ఇంటిపట్టున ఉండాల్సిన ఇద్దత్ గడువులో నేను గడప దాటలేదు. కళ్ల ముందే ఆమె భుజాల ఎముకలు పైకి తేలాయి. చూడటానికి వచ్చిన డాక్టరమ్మ, ఇట్లాగే ఉంటే ముక్కులోంచి పైపు వేసి పాలు పోయాల్సి వస్తుందని, అందుకు ఆసుపత్రిలోనే ఉంచాలని చెప్పింది. పైపు అనే మాట అత్తమ్మ కూడా వింది. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇద్దత్ తీరాక నేను పనికి బయటికి వెళ్లాల్సి వచ్చింది. నేను కుట్టే జాకెట్లు, లంగాలు యాప్రాల్‌లో ఒక బట్టల షాపుకు వెళ్తాయి. అంతకుముందు ఆయనే తీసుకెళ్లి ఇచ్చి, కొత్త గుడ్డలు తెచ్చేవారు. ఆ మూటతో బస్సు ఎక్కి దిగడం నా వల్ల కాలేదు. సైకిలు నాకు వచ్చు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. దర్జీ పని చేసే మా నాన్న దుకాణంలోనే కూర్చోబెట్టి ఖురాన్, తెలుగు, లెక్కలు అన్నీ ఆయనే నేర్పారు. ఊపిరి గట్టిపడాలని పొద్దున్నే ఎవరూ లేని రోడ్డు మీద సైకిలు కూడా నేర్పారు. మా నాన్నకు అల్లా జన్నత్ ఇవ్వాలి. నా చేతిలో ఉన్నదంతా ఆయన పెట్టిందే. కాబట్టి సీటు కిందికి దింపించుకుని, బుర్ఖా అంచు గొలుసులో పడకుండా లోపల ఎలాస్టిక్ కుట్టుకుని, ఒక పొద్దున మూట క్యారియర్‌కు కట్టాను.

సైకిలు ఎక్కిన కాసేపటికే నాకు ఒంట్లో ఏదో తేడాగా అనిపించింది.

తొక్కుతున్నది నేనే, కానీ కాళ్లు నా మాట వినడం లేదు. నాకు తోచిన వేగంతో తిప్పుదామంటే తిరగవు. పెడల్ మీద బరువంతా మోపి, అది కిందికి దిగేదాకా ఆగి, రెండో కాలు మోపాలి. ఆ చిన్న చక్రం అట్లాగే తొక్కనిస్తుంది, ఇంకోలా తొక్కనివ్వదు. ఎక్కుడు వచ్చేసరికి నా భుజాలు అటూ ఇటూ ఊగాయి. ఎడమ మోకాలు బయటికి వంగింది. ముక్కులోంచి ‘హుమ్’ అని చప్పుడు వచ్చింది. అది ఆయన చేసే చప్పుడు. ఎక్కుడులో, సరిగ్గా కాలు కిందికి దిగేటప్పుడు. అన్నేళ్లు విన్నాను గాని నేనెప్పుడూ చేయలేదు. రోడ్డు మీద నా నీడ ముందు పడుతోంది. దాని ఊపు ఆయనది. నేను దాన్ని చూడకుండా తల ఎత్తుకుని తొక్కాను.

యాప్రాల్ షాపామె కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నేను సైకిలు స్టాండు వేస్తుంటే లోపల తల వంచుకుని బిల్లులు రాస్తోంది. తల ఎత్తకుండానే, “రండి భాయ్ గారూ, ఆ గోడ పక్క మిషన్ మళ్లీ దారం తెంపుతోందండి, కాస్త చూసి వెళ్లండి” అంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. తర్వాత ఆమె నాకు మంచినీళ్లు తెచ్చి ఇస్తూ, ఆ సైకిలు చప్పుడు విని అలా అన్నానని, మనసులో పెట్టుకోవద్దని చెప్పింది. మనసులో పెట్టుకోవడానికి ఏముంది. నాకు కూడా దారి పొడవునా అలాగే అనిపించింది.

సాయంత్రం గల్లీ ఎక్కుడులోకి వచ్చేసరికి నా పని అయిపోయింది. మధ్యలో మురుగు మోరీ దగ్గర ఒక కాలు దింపి ఆగి, మళ్లీ తొక్కాను. కిర్రు. ఆగి, కిర్రు. ఇంట్లోకి రాగానే అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఆయన పోయిన తర్వాత ఆమె తనంతట తాను లేచి కూర్చోవడం నేను చూడలేదు.

“అన్నం తే బిడ్డా, తింట” అంది.

పప్పన్నం కలిపి ఇచ్చాను. మొత్తం తింది. ఇంకొంచెం పెట్టమంది. నేను వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాను. అల్‌హమ్‌దులిల్లా అనుకున్నాను. కళ్లు తుడుచుకుంటుంటే ఆమె గదిలోంచి మాటలు వినిపించాయి. చిన్న గొంతుతో ఏదో అని, ఆగుతోంది. ఎదుటివాళ్లు జవాబు చెప్పేంతసేపు ఆగి, మళ్లీ ఏదో అంటోంది. ఒకసారి నవ్వింది. నేను గుమ్మం దగ్గరికి వెళ్లాను. ఆమె మొహం స్టూలు వైపు తిరిగి ఉంది. స్టూలు ఖాళీగా ఉంది. నా అడుగు విని ఆమె మాట ఆపేసింది.

నాకు విషయం అర్థమైందనుకున్నాను. సైకిలు చప్పుడు విని కొడుకు వచ్చాడనుకుంటోంది. అందుకే తిన్నది.

చనిపోయినవాళ్లు తిరిగి రారు. వాళ్లకూ మనకూ మధ్య ప్రళయదినం దాకా తెర ఉందని మా నాన్న నాకు అక్షరాలతోపాటే నేర్పారు. నేను దాన్ని నమ్ముతాను. ముసలి మనిషి బుర్ర ఒక చప్పుడును పట్టుకుని వేలాడుతోంది, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు షాపులో పని లేకపోయినా సాయంత్రం సైకిలు కిందికి దింపుకుని రోడ్డు దాకా వెళ్లి, తిరిగి తొక్కుకుంటూ వచ్చాను. అత్తమ్మ తిన్నది. ఆ తర్వాత రోజూ అదే. నోటితో నేను ఒక్క అబద్ధమూ చెప్పలేదు. కాళ్లతో చెప్తున్నానా అనిపించేది. నమాజులో ఆ మాట గుర్తొచ్చి చదివేది మధ్యలో తప్పేదాన్ని. కానీ ఆమె చెంపలు నిండుతున్నాయి. డాక్టరమ్మ వచ్చి చూసి పైపు సంగతి ఇక ఎత్తలేదు.

మెల్లమెల్లగా మా వీధి కూడా నన్ను కొత్త తీరులో చూడటం మొదలుపెట్టింది. ఆయన వెనక రోజూ కొంతదూరం పరుగెత్తే గోధుమరంగు కుక్క ఒకటి ఉండేది. అది నా వెనక పరుగెత్తేది కాదు, సైకిలుకు కుడిపక్కన, రెండు మూరల దూరంలో పరుగెత్తేది. మధ్యలో ఎవరికో చోటు వదిలినట్టు. తల ఎత్తి ఆ ఖాళీ వైపే చూసేది. నేను కీడు సోకకుండా ఆయతుల్ కుర్సీ చదువుకుంటూ తొక్కేదాన్ని. కుక్కల సంగతి ఎవరు చెప్పగలరు.

అప్పటికే నా ఎడమ మోకాలు చెడింది. మొదట మెట్లు దిగేటప్పుడు నొప్పి. తర్వాత రాత్రి పడుకున్నా నొప్పి. చివరికి ఒక తెల్లవారుజామున ఫజర్ నమాజులో సజ్దాకు వంగితే మోకాలు నేలకు ఆనించలేకపోయాను. కుర్చీలో కూర్చుని నమాజు చేయడం మొదలుపెట్టాను. అట్లా చేయవచ్చు, అల్లా దయగలవాడు. అయినా నేల మీద నుదురు పెట్టలేని రోజు నాకు రోజులా ఉండేది కాదు. ఎవరికీ చెప్పలేదు. కుర్చీ కూడా నా గదిలో, తలుపు వేసుకునే.

ఒక సాయంత్రం అన్నం తింటూ అత్తమ్మ చేయి ఆపి అంది: “మోకాలు నొప్పి లేస్తున్నదంట గద నీకు.”

ఎవరు చెప్పారని అడిగాను.

“వాడే చెప్పిండు. మొండి సైకిల్ అది, పిల్ల కాలు ఇరుగుతది అంటుండు.”

నా చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టాను. చూపు లేనివాళ్లకు చెవులు ఎక్కువ, నేను కాలు ఈడ్చడం విని ఉంటుంది. కుర్చీ జరిపిన చప్పుడు కూడా విని ఉంటుంది. అట్లా అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకోవడానికి చూస్తాను.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, సైకిలు మానొద్దు గాని బరువుగా తొక్కొద్దన్నాడు. తేలికగా, ఎక్కువ చుట్లు తిప్పేలా గేరు పెట్టుకోమన్నాడు. లేదంటే మోకాలి చిప్ప కింద మెత్తనిదంతా అరిగి, నడక కూడా కష్టమవుతుందన్నాడు. ఆ మాట నాకు సులభంగానే అర్థమైంది. మా నాన్న లెక్కలు నేర్పింది కుట్టుమిషను మీదనే. కాలి కింది చక్రం పెద్దది, చేతి పక్క చక్రం చిన్నది. పెద్దది ఒకసారి తిరిగేలోగా చిన్నది మూడుసార్లు తిరిగి వస్తుంది. వాయిలు గుడ్డకు అది హాయి, కాలు అలా ఆడిస్తే కుట్టు పరుగెడుతుంది. పరుపు గుడ్డ పెట్టామా, కాలు ఆగిపోతుంది. వేగం కోసం బలం ఇవ్వాలి, బలం లేకపోతే వేగం వదులుకోవాలి. సైకిలు పక్కన కూర్చుని పళ్లు లెక్కపెట్టాను. పెడల్ దగ్గర నలభై ఎనిమిది, వెనక ఆయన వాడే చిన్నదానికి పద్నాలుగు. అంటే నేను ఒక్క చుట్టు తొక్కితే చక్రం దాదాపు మూడున్నర చుట్లు తిరగాలి. నా కాళ్లతో, మూటతో, ఎక్కుడులో.

మీటకు చుట్టిన దారం బ్లేడుతో కోయబుద్ధి కాలేదు. సూదితో ముడి విప్పాను. ఆయన వేసిన ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

నాకొక ఉపాయం తోచింది. రోడ్డు మీద వెనక పెద్ద చక్రం వాడి, గల్లీ మొదట్లో మళ్లీ ఆయన చిన్న చక్రానికి మారిస్తే, నా మోకాలూ దక్కుతుంది, అత్తమ్మ తిండీ నిలుస్తుంది. కొన్నాళ్లు అట్లా చేశాను. కానీ వెనక పెద్దదానికి ఇరవై ఎనిమిది పళ్లు. ఒక్క తొక్కుకు చక్రం ఇంకా రెండు చుట్లకు దగ్గరగా తిరుగుతోంది. యాప్రాల్ ఎక్కుడుకు అది చాలలేదు. పైగా రోజంతా అలసిన కాలితో, ఉన్న ఎక్కుడులన్నిటిలో చివరిదాంట్లో, కావాలని బరువైన గేరు వేసుకోవడం. ఒక సాయంత్రం మోరీ దగ్గర మోకాలిలో ఏదో కలుక్కుమంది. అక్కడే దిగి, సైకిలు పట్టుకుని నిలబడ్డాను. ఇంకో పది అడుగులు తొక్కితే చప్పుడు ఇంటికి చేరుతుంది. తొక్కకపోతే ఆమె తినదు. పళ్లు బిగబట్టి ఎక్కి తొక్కాను. ఆమె తిన్నది. ఆ రాత్రి నాకు కుర్చీలో కూర్చోవడం కూడా చేతకాలేదు.

మెట్టుగూడలో ఆయనకు తెలిసిన సైకిల్ మెకానిక్ ఉన్నాడు, నా ఈడు మనిషి. సైకిలు అతని ముందు పెట్టి, నా వల్ల అయ్యే గేరు పెట్టమని అడిగాను. అతను పెడల్ తిప్పి చూసి, “అక్కా, గిదేంది, భాయ్ రేసుకు పోయెటోడా? గింత పెద్ద చక్రం పెట్టుకొని మిషన్లు బాగుచేసెటోడా?” అన్నాడు. తర్వాత తిట్టినందుకు తనే నొచ్చుకుని, ఆయన మంచి మనిషని, ఎన్నిసార్లు చెప్పినా వినలేదని అన్నాడు.

ముందు చక్రం మార్చాలన్నాడు. ముప్పై ఎనిమిది పళ్లది ఒకటి ఉంటే బిగించి, పక్కనే ఉన్న ఎక్కుడు మీద తొక్కి రమ్మన్నాడు. కాళ్లకు ఎట్లా ఉందో చెప్పమన్నాడు. కాళ్ల సంగతి చెప్పడం నాకు రాదు. నేను ఇంకో రకంగా చూసుకున్నాను. మామూలు రోడ్డు మీద ఒక్కో చుట్టుకు ఒక్క సుబ్‌హానల్లా పలుకుతాను. ఊపిరి సాఫీగా ఉంటే మాట సాఫీగా వస్తుంది. ముప్పై ఎనిమిదితో ఎక్కుడు సగంలో మాట రెండు ముక్కలైంది. వచ్చి అదే చెప్పాను. అతను నవ్వలేదు. “అయితె ఇంకా చిన్నది కావాలె” అని ముప్పై రెండు పళ్లది వెతికి తీశాడు. వెనక కూడా ఆఖరు చక్రం ముప్పై రెండు పళ్లది ఉన్న కొత్త చక్రాల గుత్తి వేస్తానన్నాడు. అప్పుడు ఒక్క చుట్టు తొక్కితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది.

“గిది పెడితె జోరు ఉండదక్కా. అందరు నిన్ను దాటి పోతరు.”

“పోనీ తమ్ముడూ” అన్నాను.

పాత నలభై ఎనిమిది చక్రం కూడా పక్కన ఉంచి, కావాలనుకున్నప్పుడు దాని మీదికి మారేలా చేయడం కుదురుతుందా అని అడిగాను. పెడల్ ఇరుసు పొట్టిది, రెండోది పట్టదని చెప్పాడు. అయితే ఆ కిర్రుమనే చప్పుడైనా ఉంచగలవా అన్నాను. అతను స్పానరు పట్టుకుని నన్ను చూశాడు.

“చప్పుడు తియ్యమని వచ్చెటోళ్లను చూసిన గని, ఉంచుమనేటోళ్లను చూడలె. గల్లీల మీ సైకిల్‌ను విని టైమ్ పెట్టుకుంటరా ఏంది?”

దాదాపు అదేనని చెప్పలేకపోయాను. ఇరుసు లోపలి గుండ్లు ఎండిపోయి ఒరుసుకోవడం వల్ల వస్తున్న చప్పుడట. చక్రం మార్చాలంటే ఇరుసు విప్పక తప్పదు, విప్పాక గ్రీజు పెట్టకుండా మూస్తే అది తన చేతికి పాపమన్నాడు. అతను పని చేస్తున్నంతసేపూ నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఒక మనిషి అడుగుల చప్పుడును విప్పి, తుడిచి, గుడ్డలో చుట్టి పక్కన పెడుతున్నట్టు ఉంది. లేచి వద్దందామని రెండుసార్లు అనుకున్నాను. మోకాలు లేవనివ్వలేదు.

తిరిగి వస్తుంటే సైకిలు కింద ఉన్నట్టే లేదు. కాళ్లు నావి. ఊపిరి నాది. రోడ్డు మీద నీడ నాది, పొట్టిగా, నిటారుగా, ఊగకుండా. ఇంత సుఖాన్ని ఇచ్చినందుకు షుక్రియా చెప్పుకోవాలి, చెప్పుకున్నాను. గల్లీకి చేరాను. ఎక్కుడు మొదట్లో వెనక పెద్ద చక్రానికి మార్చాను. మోరీ దగ్గర ఆగనవసరం రాలేదు. సైకిలు చిన్న చప్పుడు కూడా లేకుండా పైకి పోయింది. ఆ నిశ్శబ్దంలో మా ఇంటి కిటికీ దగ్గరపడుతుంటే, ఆయన్ను రెండోసారి ఇంట్లోంచి తీసుకుపోయింది నేనే అనిపించింది.

కిటికీలోంచి చూశాను. అత్తమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉంది.

ఏ చప్పుడూ రాలేదు. అయినా లేచి, కొంగు తల మీద సర్దుకుని, స్టూలు వైపు తిరిగి, చిన్న గొంతుతో ఏదో చెప్తోంది. వింటున్నట్టు తల ఊపింది. నేను సైకిలు గోడకు ఆనించగానే మాట ఆపేసింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాళ్లు వచ్చినప్పుడు ఆపినట్టు.

కాళ్లు కడుక్కుని, అన్నం కలిపి పళ్లెం తీసుకుని వెళ్లాను. ఇక ఈ కాళ్ల అబద్ధం మోయలేననుకున్నాను. పళ్లెం ఆమె ఒళ్లో పెట్టే ముందే చెప్పేశాను.

“అత్తమ్మా, ఇప్పుడొచ్చింది నేను. నిన్న వచ్చింది కూడ నేనే. ఇన్ని రోజులు ఆ సైకిల్ తొక్కింది నేనే.”

“నాకెరుకే” అంది ఆమె. “నా కొడుకు ఎన్నడన్న మోరీ కాడ ఆగిండా? నువ్వు ఆగి దమ్ము తీస్కుంటవు.”

మరి ఆయన వచ్చాడనుకునే కదా ఇన్నాళ్లు తిన్నదని అడిగాను.

“నువ్వు రోడ్డెక్కిన కాడి సంది వాడు నీకంటే ముందే వస్తడు. వచ్చి గీడ కూసుంటడు. నువ్వు ఇల్లు చేరంది నాకు ముద్ద ఎట్ల దిగుతది? మొగడు పోయినంక ఒక్కదానివి రోడ్డు మీద పడ్డవు. ఇద్దరం నీ సైకిల్ కోసమే చెవి పెట్టుకొని ఉంటం.”

బయట చీకటి పడుతోంది. మసీదు మైకు గరగరమంది, అజాన్ ఇంకా మొదలుకాలేదు. స్టూలు నా మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. నేను జరగలేదు. అడగకూడదని తెలుసు. మా నాన్న ఉంటే అడగనిచ్చేవారు కాదు. అయినా అడిగాను, ఆయన ఎట్లా వస్తారని.

“నడిచి” అంది. అందరికీ తెలిసిన సంగతి చెప్తున్నట్టు అంది. “సైకిల్ నీకిచ్చిండు గద.”

పళ్లెం కోసం చేతులు చాపింది. ఇక సైకిలు చప్పుడు రాదని, చక్రం మార్పించానని చెప్పాను. మంచి పని చేశావంది, వాడు ఎప్పటి నుంచో అంటూనే ఉన్నాడంది. వచ్చాక గుమ్మంలోంచి ఒక్క మాట పిలిస్తే చాలంది. తర్వాత మెల్లగా, పప్పులో ఉప్పు తక్కువైందని సణుగుతూ, పళ్లెం ఖాళీ చేసింది.

ఇప్పుడు నా మోకాలు కుదుటపడింది. సజ్దా నేల మీదే చేస్తున్నాను, అల్‌హమ్‌దులిల్లా. అత్తమ్మ రోజూ తింటోంది. గుమ్మంలోంచి పిలుస్తాను, లేచి కూర్చుంటుంది. చాలాసార్లు పిలిచేలోపే లేచి ఉంటుంది.

యాప్రాల్ ఎక్కుడులో నేను ఇక దిగి నడిపించను. మెకానిక్ అన్నట్టు అందరూ నన్ను దాటిపోతారు, బడి పిల్లలు కూడా. ఆ పెద్ద చక్రం మీద, ఒక్క సుబ్‌హానల్లాకు ఒక్క చుట్టు, ఒక్క చుట్టుకు ఒక్క చుట్టు. అప్పుడు సైకిలు వేగం నడిచే మనిషి వేగమే. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కగలిగేంత. గోధుమరంగు కుక్క కుడిపక్కన వస్తుంది, ఆ రెండు మూరలూ వదిలి. కొన్ని రోజులు క్యారియర్ మీది మూట ఉన్నట్టుండి తేలికవుతుంది, వెనక నుంచి ఎవరో చేయి వేసినట్టు. గాలి అయి ఉంటుంది. నేను పక్కకు తల తిప్పను. అంత మెల్లగా పోయే సైకిలు మీద తల తిప్పితే పడిపోతాం.

ఎక్కుడు తీరాక చిన్న చక్రానికి మార్చాలి. మారిస్తే సైకిలు వేగం అందుకుంటుంది, నడిచేవాళ్లు వెనకబడిపోతారు. అందుకని మీట మీద చేయి పెట్టి, మార్చే ముందు, పెదవులతో సలాం చెప్తాను. నమాజు చివర కుడివైపుకూ ఎడమవైపుకూ సలాం చెప్పేటప్పుడు అక్కడ ఎవరున్నారో మనం చూడం కదా.